నాలుగో విడత నీళ్లు

నీళ్లు తీయడానికి వెళ్లాల్సిన రోజుకి ముందు సాయంత్రమే సీసాలమ్మ స్కూటర్‌లో పెట్రోల్ పోయించుకుంటుంది. ఇంటికొచ్చి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వేసుకున్న బట్టలు విడిగా బకెట్లో పడేస్తుంది. మర్నాడు తలకి నూనె రాయదు, ముఖానికి పౌడరు అద్దదు, వాసన సబ్బు జోలికి పోదు. ఆమె వెతికే పెట్రోల్ నీళ్లలో కంటికి కనబడేంత ఉండదు మరి. చేతికంటిన కాస్త తడి చాలు, లెక్కంతా తారుమారు కావడానికి.

"రేపు మా ఆవిడకి సన్యాసం," అంటాడు భర్త, ఆమె పౌడరు డబ్బాని పైఅరలో పెట్టడం చూసి. "ఎల్లుండి మళ్లీ సంసారంలో పడుతుంది."

పెళ్లైన కొత్తలో ఆ మాటకి పడీ పడీ నవ్వేది. ఇప్పుడు నవ్వే ఓపిక లేదు. అయినా అతను ఎప్పుడైనా అనడం మరిచిపోతే, ఏదో వెలితిగా అనిపించి ఆ డబ్బాని ఇంకోసారి చప్పుడు చేస్తూ పెడుతుంది.

చమురు కారిన చోట్లకి వెళ్లి మట్టినీ, నేల కింది నీళ్లనీ చిన్న చిన్న సీసాల్లో పరీక్షకి తేవడం ఆమె ఉద్యోగం. అందుకే వెళ్లిన ప్రతి వీధిలోనూ ఆ పేరు. ఈ పనిలోనే జుట్టు నెరిసింది గానీ, పని పూర్తయిందని ఫైలు కట్టేసిన చోటు ఆమె ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు. ఇంజినీర్లు వస్తారు, బదిలీ మీద పోతారు. చివరికి ఆమే మిగులుతుంది, నేల కింద చమురూ మిగులుతుంది.

ఒక్క చోటు మాత్రం ఒడ్డున పడేలా కనిపించింది. అది వీధి మలుపులో మూతపడ్డ పెట్రోల్ బంకు. పాతిపెట్టిన ట్యాంకు తుప్పు పట్టి, ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి కారింది. ట్యాంకుని తవ్వి తీశారు. నల్లబడ్డ మట్టిని లారీలకెత్తారు. నీళ్లమీద తేలిన చమురుని పంపులతో లాగారు. ఆ తర్వాత నేల కింది నీళ్లని తోడి, బొగ్గు నింపిన డ్రమ్ముల్లో వడగట్టే యంత్రమొకటి పెట్టారు. అది రాత్రీ పగలూ గొణుక్కుంటూ ఉండేది.

బంకు వెనక ఇల్లు అద్దకాల అక్కది. నూలు పోగుల చుట్టలకి రంగులద్ది కొట్లకి వేస్తుంది. పెరట్లో ఆమె బావికి ఇనపమూత బిగించి తాళం వేశారు. కుళాయి నీళ్లలో రంగు సమంగా పట్టక చారలు తేలుతున్నాయని కొట్లవాళ్లు సరుకు తిప్పి పంపుతున్నారు. యంత్రం ఆపేశాక వరసగా నాలుగు విడతలు నీళ్లు శుభ్రంగా వస్తే తాళం తీస్తామన్నారు. మూడు విడతలు గట్టెక్కాయి.

నాలుగో విడతకి వెళ్లిన రోజు వాన అప్పుడే వెలిసింది. అక్క బావి పక్కనే పరీక్షకని వేసిన బోరులోకి కొలత టేపు వదిలి చూస్తే నీళ్లు ఎన్నడూ లేనంత పైకి ఉన్నాయి. సీసాలమ్మ ఇంకోసారి కొలిచి, అదే అంకె పుస్తకంలో రాసుకుంది. నిలవ నీళ్లు తోడి పారబోసి, కొత్త నీళ్లతో సీసా అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టింది. లోపల గాలి బుడగ ఉంటే పెట్రోల్ అందులోకి చేరిపోతుంది, ఆ సీసా ఇక పనికిరాదు.

"ఏమంటోంది నా సీసా?" అంది గుమ్మంలో కూర్చున్న అక్క.

"అదేమీ అనదక్కా. ల్యాబ్ వాళ్లు అనాలి."

"ఇన్నేళ్లుగా చేస్తున్నావు, వాసన చూసి చెప్పలేవూ?"

"ముక్కుతో చెప్పేస్తే జీతం కూడా ముక్కుకే ఇస్తారు."

అక్క నవ్వింది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. "తాళం తీస్తే మొదటి తొట్టి నీ పేరు మీదే. ఏ రంగు కావాలో చూసుకో. తీయకపోతే మాత్రం తొట్లు అమ్మేస్తాను. మా ఆడపడుచు కుట్టుపనికి రమ్మంటోంది. ఇంక నా వల్ల కాదు చెల్లెమ్మా."

వారం తిరక్కుండా ఇంజినీరు సీసాలమ్మని పిలిచాడు. "వచ్చిందమ్మా. ఉండాల్సినదానికంటే పెట్రోల్ చాలా ఎక్కువే వచ్చింది." కాగితం పక్కన పెట్టి, "ఆ రోజు పొద్దున బండిలో పెట్రోల్ పోయించుకున్నావేమో. దారిలో అయిపోయి ఉండొచ్చు. గుర్తు తెచ్చుకో," అన్నాడు.

ఔనంటే ఆ విడత చెల్లదు. మళ్లీ తీస్తారు. అప్పటికి వాననీరు దిగిపోయి సీసా శుభ్రంగా రావచ్చు. తాళం ఊడుతుంది, అక్క తొట్లు నిలబడతాయి, సీసాలమ్మ ఉద్యోగంలో మొదటిసారి ఒక ఫైలు మూతపడుతుంది. కానీ అసలు సంగతి ఇద్దరికీ తెలుసు. పైకెక్కిన నీళ్లు, పైపొరల మట్టిని అంటుకుని ఉండిపోయిన చమురుని కడిగి కిందికి తెచ్చాయి. వచ్చే ఏటి వానలకీ తెస్తాయి. అప్పుడు అక్క చేతులు ముంచేదీ ఆ నీళ్లలోనే, పొయ్యి మీది తొట్టిలోంచి పీల్చేదీ వాటి ఆవిరే.

"లేదు సార్. ముందు సాయంత్రమే పోయించుకున్నాను."

అతను కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. "నువ్వలాగే అంటావని తెలుసు. ఊరికే అడిగి చూశాను."

అక్కకి చెప్పడానికి తనే వెళ్లింది. అక్క అంతా విని, పొయ్యిలో కట్టెని వెనక్కి లాగింది.

"మీ సారు ఏమీ అనలేదా?"

"పొద్దున పెట్రోల్ పోయించుకున్నావా అని అడిగారు."

"ఔననకపోయావా! ఆ ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఆ నీళ్లలో చేతులు పెట్టేది నువ్వు కదక్కా."

"నా చేతుల మీద నీకంత ప్రేమేంటో," అంది అక్క. కోపమో ఏడుపో తెలియని గొంతు. కాసేపటికి లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. వెళ్లేటప్పుడు మాత్రం, "నువ్వు అడక్కపోయినా చెబుతున్నా, నీకు ఆకుపచ్చ నప్పేది," అంది.

ఇంటికొచ్చాక సీసాలమ్మ అన్నం కూడా తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. భర్త ఏ హాస్యమూ ఆడలేదు.

అక్క ఇప్పుడు ఆడపడుచు కొట్టులో జేబులు కుడుతోంది. తొట్లు అమ్మేసింది. బంకులో యంత్రం మళ్లీ నడుస్తోంది. సీసాలమ్మ మూడు నెలలకోసారి ఆ వీధికి వెళ్లి నీళ్లు తెస్తోంది.