గొంతు మాస్టారి కడుపు

చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే ఆయన్ని అందరూ గొంతు మాస్టారంటారు. రికార్డింగు గదిలోకి వెళ్ళేముందు చేతి గడియారం తీసేస్తారు, చెప్పులు విడుస్తారు, పేజీ తిప్పినా చప్పుడు రానివ్వరు. ఒక్క కడుపే ఆయన మాట వినదు. గొంతుకు మంచిదని భార్య పొద్దున్నే ఇచ్చే గ్లాసుడు పాలు మధ్యాహ్నందాకా లోపల గుడగుడలాడుతూనే ఉంటాయి. పసిపిల్లలకు అరిగేది తనకు అరగదని చెప్పుకోవడం నామోషీ. అందుకే ముప్పై ఏళ్ళుగా నోరు మెదపలేదు.

ఆ రోజు పాఠం పాల గురించే. "పసితనం దాటాక చాలామందికి పాలు అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. వేల ఏళ్ళ కిందట పశువుల్ని పెంచుకున్న కొందరి సంతతిలోనే అది పెద్దయ్యాక కూడా నిలిచింది. అరగకపోవడం జబ్బు కాదు," అని చదివి, ఆయన ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో కడుపు తీరిగ్గా మూలిగింది. అద్దం అవతల రికార్డు చేసే అమ్మాయి నవ్వు బిగబట్టి, "ఉదాహరణ కూడా పడింది మాస్టారూ. ఉంచెయ్యమంటారా?" అంది.

మర్నాడు పొద్దున్న భార్య ఇచ్చిన గ్లాసు పక్కకు జరిపి, "నాకు పాలు పడవోయ్" అన్నారు.

"తెలుసు. పక్కగదిలోకి వినిపిస్తూనే ఉంటుంది. గొంతు కోసం ఓర్చుకుంటున్నారనుకున్నాను," అంటూ ఆవిడ ఆ పాలు తనే తాగేసింది.

ఆ రోజు పాఠం మొత్తం ఒక్క చప్పుడు లేకుండా సాగింది. చివర్లో అమ్మాయి తలుపు తీసి, "ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ?" అని ఆత్రంగా అడిగింది.