నీలవేణి చదివిన తగువు

తార్‌బహార్‌లో హిందీవాళ్ళ మధ్య ఉంటున్న మా తెలుగు ఇళ్ళకు నెలనెలా ఒక చిన్న సాహిత్య పత్రిక వస్తుంది. రిటైరైన రైలు గార్డు శంకరరావు గారు పట్టుబట్టి నడుపుతున్నారు. చదివేవాళ్ళు మాత్రం లేరు. పెద్దవాళ్ళకు చూపు ఆనదు, పిల్లలకు తెలుగు అక్షరాలే రావు. అందుకని నీలవేణి పత్రికంతా చదివి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపేది. శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చిన మనిషి, చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె చదివింది వింటున్నప్పుడు కుక్కరు విజిలేస్తే తిట్టుకునేవాళ్ళం.

ఈ ఏడు శంకరరావు గారు ఒక పాత గొడవను కథలా రాయడం మొదలుపెట్టారు. సోవియట్ దేశంలో పేరుమోసిన ఒక రచయితకూ, ఒక సాహిత్య పత్రికకూ జరిగిన తగువు అది. దేశం పరువు తీశావు, క్షమాపణ చెప్పమంది పత్రిక. "ఇక్కడ నోరు తెరవాలంటే భయం. సిగ్గుపడాల్సింది నేను కాదు, ఈ దేశం" అన్నాడు రచయిత. ఆ జవాబును నీలవేణి గొంతెత్తి చదివింది.

పక్క వీధి పైడిరాజుకు ఆ ముక్క తెగ నచ్చింది. అదొక్కటీ కత్తిరించి, కింద హిందీలో అర్థం రాసి స్టేటస్ పెట్టాడు. రచయిత సంగతి లేదు, పత్రిక సంగతి లేదు. దద్దమ్మ! సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. తార్‌బహార్ టీచరమ్మ దేశాన్ని తిట్టిందన్నారు.

మర్నాడు పొద్దున్నే ఎక్కడివాళ్ళో బైకుల మీద వచ్చి నీలవేణి ఇంటి తలుపు దబదబా బాదారు. భర్త రైలు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నీలవేణి, అత్త కనకమహాలక్ష్మి, అంతే. చేతులు జోడించి మాఫీ అడిగి వీడియో ఇవ్వాలి, లేకపోతే బడికి వస్తామన్నారు హిందీలో. నీలవేణి పత్రిక తెచ్చి చూపించింది. ఇవి నా మాటలు కావు భయ్యా అంది. గొంతు నీదే కదా అన్నారు. శంకరరావు గారు ఆయాసపడుతూ వచ్చి, రాసింది నేనని మొత్తుకుంటే ఆ పెద్దాయనను పక్కకు నెట్టేశారు. మా వీధిలో మరో తలుపు తెరుచుకోలేదు.

బడి అనేసరికి నీలవేణి వాదించడం మానేసింది. అక్కడ పసిపిల్లలు. గేటుకు గొళ్ళెం కూడా సరిగ్గా పడదు.

"సెప్పీయే అమ్మీ, నీకు దణ్ణమెడతాను. మాటే కదా, పోతే పోనీ" అంది అత్త ఏడుస్తూ.

నీలవేణి చేతులు జోడించి, తప్పయిందని చెప్పింది. సరిగ్గా వినిపించలేదని వాళ్ళు మళ్ళీ చెప్పించారు.

పై నెల పత్రిక వచ్చింది. శంకరరావు గారు ఆపలేదు. నీలవేణి మాత్రం ఇక రికార్డు చెయ్యనంది. అయినా అత్త వదల్లేదు, ఆ కథ ఏమైందో తనకొక్కదానికైనా చదవమంది. నీలవేణి కిటికీలు మూసి, గుసగుసగా చదివింది. బయట బైకు చప్పుడైతే చదవడం ఆపేసేది.

చివరి పేజీలో రచయితను అందరూ వెలేశారు. పత్రికల్లో ఆయన పేరే రాకుండా చేశారు. అయినా ఆయన క్షమాపణ చెప్పలేదు.

నీలవేణి ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఏటే, మాట్నాడవు? ఆ బాబు సెమాపన సెప్పీసేడేటి?" అడిగింది అత్త.

"సెప్పీసేడత్తా. సేతులు జోడించి మరీ సెప్పీసేడు."

"అయ్యో, ఎంత బయపడిపోనాడో మారాజు!"

వీడియో రోజున ఏడవని నీలవేణి, అప్పుడు ఏడ్చింది.