ఆఫీసు వేళకు ముడుచుకున్న పూలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వానాకాలంలో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక ఫారెస్టు రేంజికి అధికారిగా వేశారు. చేరిన వారంలోనే డివిజన్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అడవి మధ్యలో ఉన్న గడ్డిమైదానంలో టేకు మొక్కలు నాటాలి. అంతకుముందు అక్కడి పూల మీద ఏయే పురుగులు వాలుతున్నాయో సర్వే చేయాలి. ఏమీ వాలకపోతే గుంతలు తవ్వించుకోవచ్చు.

సర్వే పద్ధతి చెప్తాను. మీటరు పొడవు, మీటరు వెడల్పున తాడుతో చదరం కట్టి, పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పురుగు పువ్వు మీద వాలి పుప్పొడిని తాకితేనే లెక్క. పైనుంచి ఎగిరిపోతే లెక్క కాదు. ఏ రోజు ఫారం ఆ రోజే డివిజన్‌కు పంపాలి. నేనూ, బీట్ ఆఫీసర్ రాజయ్యా మూడు రోజులు తపస్సు చేశాం. మూడు రోజులూ 'నిల్' అని రాసి సంతకం పెట్టి పంపాను. మా మీద మాత్రం జోరీగలు బాగానే వాలాయి. వాటికి ఫారంలో గడి లేదు.

నాలుగో రోజు లచ్చమ్మ వచ్చింది. పక్కనున్న కోయగూడెం మనిషి, గడ్డిని ఆనుకునే ఆమె గుమ్మడి పాదులు. ఏం రాస్తున్నారని అడిగితే, ఇక్కడ ఏ పురుగూ లేదని రాస్తున్నామని చెప్పాను. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది సారూ, కండ్లు గిట్ల కనిపిస్తలేవా? ఈ గడ్డిల, నేలబొక్కల్ల ఉండే ఈగలే నా గుమ్మడిపూలకు వస్తయ్. ఇది తవ్వితే అవి పోతయ్. పిందెలన్నీ పచ్చబడి రాల్తయ్. మేమేం తినాలె?"

రోజూ పదకొండింటి నుంచి చూస్తూనే ఉన్నామని చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"పదకొండింటికా? పొద్దుగాల రండ్రి. మీరు టిఫిన్ చేసి వచ్చేదాంక పూలు తెరుచుకోని కూసుంటయా?"

మాది అచ్చమైన సర్కారీ తప్పు. పదింటికి ఆఫీసులో హాజరు ఫొటో దిగాలి, ఆ తర్వాతే జీపు కదలాలి. ఆ రోజు ఫారం పంపకుండా ఆపి, మరునాడు హాజరు సంగతి తర్వాత చూసుకుందామని తెల్లవారుతూనే వెళ్లాం. అబ్బ, ఏం చెప్పను! అదే గడ్డిలో ఎన్నాద్రి అనే కలుపుమొక్క నీలిపూలు విచ్చుకుని ఉన్నాయి. లచ్చమ్మ చెప్పిన నేలబొక్కల ఈగలే, పొట్ట మీద నీలిచారలున్న తేనెటీగలు, జుమ్మంటూ వాటి మీద వాలుతున్నాయి. గీతలకు గడి చాలక రాజయ్య అరచేతిలో కూడా గీశాడు. "సార్, గిది ఇంతకుముందు వచ్చిందే మళ్ల వచ్చింది, రాయాల్నా?" అని ఒక్కోదానికీ అడుగుతుంటే, రాయవయ్యా బాబూ అని విసుక్కున్నాను. వాలిన ప్రతిసారీ లెక్కే మరి. పదిన్నర దాటేసరికి పూలు ముడుచుకున్నాయి. మేం రోజూ జీపెక్కే వేళ అది.

కొత్త లెక్క పంపాలంటే, నా మూడు సంతకాలూ తప్పని నేనే రాసివ్వాలి. సర్వీసు చివర్లో ఆ పని చేయడానికి నిజంగా సిగ్గేసింది. అయినా రాసిచ్చాను. డివిజనల్ అధికారి పిలిపించి, మూడు రోజులు ఎక్కడున్నారని గద్దించారు. ఆఫీసు టైములో ఉన్నాం సార్ అన్నాను. ఆయన టేకు పని ఆపేయించారు. హాజరు ఫొటో దిగనందుకు నాకు మెమో కూడా ఇచ్చారు.

ఏమీ కనపడలేదని రాసేవాడు ఎన్నింటికి చూశాడో కూడా రాయాలి. రిటైరయ్యేదాకా నేను పెట్టిన ప్రతి 'నిల్' పక్కనా టైము వేశాను.