మజ్జిగ కాదప్పా

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లో ఒక నీళ్ల బాటిల్ ఉంది. లోపల తెల్లగా ఏదో కనిపించింది. ఎండకు నా గొంతు పిడచకట్టుకుపోయి ఉంది.

"మజ్జిగ యాడ కొన్నావమ్మా?" అని అడిగాను.

ఆమె బాటిల్‌ను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"మజ్జిగ కాదప్పా, చెదలమందు. ఇంట్లో మందు కొట్టినోడు మిగిలింది దీంట్లో పోసి వంటింట్లో పెట్టి పోయినాడు. మా అత్త మజ్జిగనుకొని తాగింది. ఇంకా ఆస్పత్రిలోనే ఉండాది."

ఇప్పుడు యాడికి పోతాండావని అడిగాను.

"వ్యవసాయాఫీసుకు. వానికి లైసెన్సు లేదు. నిన్న పోతే, బాటిల్ మీద మందు పేరే లేదు, కేసు ఎట్లా రాసేదన్నారు. పేరు లేకుండా పెట్టిందే గదప్పా వాడు చేసిన తప్పు. ఈ పొద్దు ఆ మాట రాసుకునేదాకా ఆడే కూసుంటా."

మదనపల్లెలో దిగేటప్పుడు ఆమె బాటిల్‌కు కొంగు చుట్టుకుంది, ఇంకెవరూ నాలాగా అడగకుండా.

మొన్న మా ఇంటికి చెదలమందు కొట్టడానికి ఒకతను వచ్చాడు. కొట్టగా మిగిలేది పోసిస్తాను, ఖాళీ నీళ్ల బాటిల్ ఉంటే ఇవ్వమన్నాడు. నేను గుమ్మంలోంచి కదలలేదు. ముందు లైసెన్సు చూపించమన్నాను.