థ పొట్టలో చుక్క

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని ఊరంతా చుక్కాయన అనేవారు. థ పొట్టలో చుక్క పడకపోతే అది ధ అయిపోతుంది. ఆ చుక్క కోసం నడుస్తున్న మిషన్ని ఆపించిన మనిషి ఆయన. అదే గదిలో బైండింగు బల్ల దగ్గర నేను ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఒక కిటికీ, ఒక జిగురు డబ్బా ఉండేవి. ఆయన నాతో మాట్లాడిన మాటల్లో సగం అచ్చుతప్పుల గురించే.

భార్య పోయాక అక్కగారింటి మేడమీద గదిలో ఉండేవాడు. కింద నుంచి మూతపెట్టిన పళ్లెంలో భోజనం వచ్చేది. తిని, కడిగి, మెట్టు మీద పెట్టేవాడు. కింద వాళ్ల మాటలూ నవ్వులూ అన్నీ పైకి వినిపించేవట. తనతో మాట్లాడేవాళ్లే లేరు.

మా ఊళ్లో రెండే పార్టీలు, గంటా గొడుగూ. మనిషి పుట్టగానే రెంటిలో ఒకటి అంటుకునేది. చుక్కాయన బావగారికి గంట అంటుకుంది. మా ఓనరుకు మాత్రం ఎవరి పని వస్తే వాళ్ల పార్టీ. ఇద్దరి కరపత్రాలూ మా దగ్గరే అచ్చయ్యేవి కాబట్టి, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నెట్టుకొచ్చేవాడు.

ఒక ఏడాది ఆ కరపత్రాల వెనక పేజీలు తారుమారయ్యాయి. గంట వాళ్ల హామీలు గొడుగు కాగితం మీదా, గొడుగు వాళ్లవి గంట కాగితం మీదా పడ్డాయి. ఊరంతా పంచేశాక గానీ చుక్కాయన కనిపెట్టలేదు. ఓనరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. వారం రోజులు తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడ్డాం. ఎవరూ రాలేదు. చదివినవాళ్లే కాదు, రాసిచ్చినవాళ్లు కూడా గమనించలేదు. గండం గడిచిందని మేమంతా నవ్వుకున్నాం. చుక్కాయన నవ్వలేదు.

"ఎవరో ఒకరు వచ్చి తిడతారనుకున్నానయ్యా," అన్నాడు.

తర్వాతి ఎన్నికలకు ఆయనే నిలబడ్డాడు. నిచ్చెన గుర్తు ఇచ్చారు. ఆనించుకోవడానికి గోడ ఏదోయ్ అని ఊరు నవ్వింది. ఆయన సాయంత్రం పూట ఒక్క తప్పు లేని కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. దొందూ దొందేనని మీరే అంటారు కదా, మూడోది ఒకటి ఉంటే ఆ రెండు పార్టీలూ కనీసం తాము రాసింది తాము చదువుకుంటాయి అనేవాడు. వినేవాళ్లు తలూపేవారు. నువ్వు మంచివాడివే, కానీ నీకు వేస్తే బూడిదలో పోసిన పన్నీరే అని తలుపేసుకునేవారు. తమ ఓట్లు చీల్చడానికి గొడుగు వాళ్లు నిలబెట్టారని గంట వాళ్లు, గంట వాళ్లే నిలబెట్టారని గొడుగు వాళ్లు తిట్టిపోశారు. అక్కగారు పళ్లెం మెట్టు మీద పెడుతూ, మీ బావ మాట కాదనలేనురా తమ్ముడూ అందట.

నన్ను ఆయన ఏమీ అడగలేదు. నేనే పెద్దమనిషిలా, "మీకు కాక ఎవరికి వేస్తానండీ" అన్నాను.

పోలింగు నాడు ముద్ర చేతిలో పట్టుకుని నిచ్చెన వైపు చూశాను. గంట గెలిస్తే ఏమైపోతామో అనిపించి గొడుగు మీద గుద్దాను. గొడుగంటే నాకు ఇష్టం లేదు, గంటంటే భయం. మా ఊళ్లో సగం మంది అలాగే వేస్తారు. మిగతా సగం గొడుగంటే భయపడి గంటకు వేస్తారు.

చుక్కాయనకు ఒక్క ఓటు వచ్చింది. నీ ఓటు నీకే పడిందన్నమాట అని బావగారు నడివీధిలో అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లలు కూడా ఆయన్ని ఒంటి ఓటు అని పిలిచారు. తొమ్మిదేళ్లు పిలిచారు. ఆయన ఒక్కసారి కూడా తిరిగి మాట అనలేదు. నేను తలవంచుకుని పుస్తకాలు కుట్టుకున్నాను.

ఉద్యోగం మానేసే రోజు సాయంత్రం ఆయన తన ఎర్ర పెన్సిలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు.

"ఆ రోజు నా ఓటు చెల్లలేదు, తెలుసా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. బ్యాలెట్ కాగితం మీద తన పేరు పక్కన 'స్వతంత్ర అభ్యర్థి' అని ఉండాలి. థ ఒత్తులో చుక్క పడలేదు. చెయ్యి చెవి మీది పెన్సిలు మీదకు పోయింది. తప్పు చుట్టూ సున్నా చుట్టి, అంచున దిద్ది, ఆ తర్వాతే నిచ్చెన మీద ముద్ర వేశాడు. పెట్టెలో పడ్డాక గానీ ఏం చేశాడో తెలియలేదట. లెక్కింపులో అధికారి ఆ కాగితం ఎత్తి చూపించి, రాతలున్నాయని చెల్లనివాటిలో పడేశాడు.

"నా సున్నా నేను గుర్తుపట్టనా," అని కొంచెం నవ్వాడు.

మరి ఇన్నేళ్లూ అందరూ ఆడిపోసుకుంటుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే ఆ ఒక్కటీ ఎవరిదని ఇల్లిల్లూ వెతికేవాళ్లు. పిల్లలు గలవాడివి, నిన్ను బతకనిచ్చేవాళ్లా?" అన్నాడు. "మేడమీద ఒక్కణ్నే కూర్చున్నప్పుడల్లా అనుకునేవాణ్ని, నువ్వున్నావు కదా అని. దాంతోనే గడిపేశానయ్యా."

నా చేతికి జిగురు అంటి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేను కాదండీ అనకుండా ఆ ఎర్ర పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, లేచి వెళ్లిపోయాడు.

ఆ ఓటు వేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఎక్కడో ఉన్నారు. ఆ అక్కగారేనేమో, నాకు తెలియదు. వాళ్లు కూడా అది బూడిదలో పోయిందనే అనుకుంటూ ఉండి ఉంటారు. వాళ్లకు అందాల్సిన మాట నేను కాజేశాను.