చెల్లెలు కాని చిన్నక్క

దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. రోలరు ఇస్త్రీలోంచి వేడివేడిగా జారిపడే దుప్పటిని ఒకరు ఈ కొసల దగ్గర, ఒకరు ఆ కొసల దగ్గర పట్టుకుని, ఒక్కసారి దులిపి సగానికి మడవాలి. తర్వాత ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మా లాండ్రీకి ఆసుపత్రుల నుంచి, హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లన్నీ ఇలాగే మడత పడతాయి. అడుగు కలవకపోతే మడత వంకరపోతుంది. అందుకే ఏ బల్ల దగ్గర చూసినా "లాగకే" అని ఒకరు, "నువ్వే వదిలేశావు" అని ఇంకొకరు దెబ్బలాడుకుంటూ ఉంటారు.

పెద్దక్క, చిన్నక్కల బల్ల దగ్గర మాత్రం ఆ గొడవ ఉండేది కాదు. పదకొండేళ్లుగా ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు. ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరి చెయ్యి కదిలేది.

వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లని అందరూ అనుకునేవాళ్లు. రిజిస్టరులోనూ అలాగే ఉండేది. లాండ్రీ వెనకున్న ఆడవాళ్ల హాస్టల్లో ఇద్దరుండే గదులు తల్లీకూతుళ్లకో అక్కాచెల్లెళ్లకో ఇస్తారు. మిగతావాళ్లం ఎనిమిది మంచాల హాలులో ఉంటాం. మెట్ల కింద ఉన్న చిన్న గది వాళ్లది. రెండు మంచాలు, కిటికీలో ఒక అద్దం, తలుపు వెనక ఒకే కొక్కేనికి వేలాడే ఇద్దరి బట్టలు.

పోలిక మాత్రం ఏ కోశానా లేదు. పెద్దక్క నిటారుగా, పొడుగ్గా ఉంటుంది. చిన్నక్క ఆవిడ భుజం దాకా కూడా రాదు. రోలరు నడిపే పెద్దాయన్ని మేమంతా ఇస్త్రీ బాబాయి అంటాం. ఆయన ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఒక తల్లి పిల్లలేనా మీరు?"

"ఒక తల్లి పిల్లలమే బాబాయ్. దీన్ని మాత్రం వేడినీళ్లలో ఉతికారు, కుదించుకుపోయింది" అంది పెద్దక్క.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి ఇక్కడ చేరాను. పని నేర్పింది పెద్దక్కే. నాకు మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ. చేరిన నెల రోజులకే నాకు అర్థమైంది. ఒకసారి చిన్నక్క వేలు రోలరుకు తగిలి కాలింది. పెద్దక్క పరుగున వెళ్లి ఆ వేలిని నీళ్లలో పెట్టింది. మంట తగ్గాక కూడా వదల్లేదు. చిన్నక్క చుట్టూ ఒకసారి చూసి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్క పట్టుకున్న చెయ్యిని ఏ చెల్లెలూ అలా తీసుకోదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు ఆఫీసుకి కొత్త మేడం వచ్చింది. మాకు దుప్పట్లు పంపే పెద్ద హోటలు వాళ్లు, పనిచేసే చోట అందరినీ సమానంగా చూస్తున్నట్టు రుజువు కావాలన్నారట. ఒక మధ్యాహ్నం యంత్రాలు ఆపించి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికీ ఏడు రంగుల బ్యాడ్జీ ఇచ్చారు.

"ఈ రంగులు దుప్పట్లకి అంటితే ఎవరు ఉతుకుతారమ్మా?" అన్నాడు బాబాయి. అందరం నవ్వాం. మేడం కూడా నవ్వింది. మంచి మనిషి. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

"మగవాళ్లు మగవాళ్లని ప్రేమించవచ్చు, ఆడవాళ్లు ఆడవాళ్లని ప్రేమించవచ్చు. ఇక్కడ ఎవరూ దాక్కోనక్కర్లేదు. మీ మనిషి ఎవరో ఈ ఫారంలో ధైర్యంగా రాయండి. కంపెనీ మీ వెంట ఉంటుంది" అంది.

ఆ సాయంత్రం పెద్దక్క ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మా సెక్షనులో ఎవరికి ఏ కాగితం నింపాలన్నా నేనే. వెనకే చిన్నక్క వచ్చింది.

"వద్దు. పదకొండేళ్లు గడిచాయి, ఇంకో పదకొండు గడుస్తాయి. నిద్రపోయే కుక్కని కాలితో తన్నడం ఎందుకు?" అంది.

"మేడం చెప్పింది వినలేదా?"

"విన్నాను. మేడం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. మనం ఉండాల్సింది ఆ గదిలో."

పెద్దక్క ఫారం నా ముందు పెట్టింది. తర్వాత చిన్నక్కతో కాకుండా నాతో చెప్పింది. "చెల్లీ చెల్లీ అని పిలిచి పిలిచి నా నోరు చేదెక్కిపోయిందే. ఇదీ అంతే. తలుపేసుకున్నాక కూడా అక్కా అనే అంటోంది. అలవాటైపోయింది. నిద్రలో కలవరించినా అక్కా అనే. ఒక్క కాగితం మీదైనా నిజం ఉండొద్దా?"

చిన్నక్క తల దించుకుంది. ఒప్పుకుందో అలిసిపోయిందో నాకు తెలియలేదు. నేను చిన్నక్క పేరు రాసి, పక్కన 'జీవిత భాగస్వామి' అని రాశాను. పెద్దక్క ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది.

మూడు రోజులు బాగానే గడిచాయి. మేడం ఇద్దరినీ కౌగిలించుకుంది, ఫోటో తీయించి ఆఫీసు గోడకి పెట్టింది. ప్యాకింగులో ఇద్దరు ముగ్గురు మూతులు తిప్పుకున్నారు. ఇస్త్రీ బాబాయి మాత్రం "అందుకా తల్లీ, మా తమ్ముడి సంబంధం తెస్తే తలుపు మొహాన వేశావు!" అన్నాడు. "మీ తమ్ముణ్ణి చూస్తే ఎవరైనా వేస్తారు బాబాయ్" అంది పెద్దక్క. ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

నాలుగో రోజు సూపర్వైజరు వాళ్ల బల్ల దగ్గరికొచ్చాడు. మొగుడూ పెళ్లాలు ఒకే షిఫ్టులో ఉండకూడదని మా లాండ్రీలో పాత నియమం ఉంది. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరూ రారని, ఒకరు మానేస్తే ఇద్దరూ మానేస్తారని పెట్టారు.

"అందరికీ ఏ రూలో మీకూ అదే. సమానమంటే అదే కదమ్మా" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. చిన్నక్కని పొద్దుటి షిఫ్టులో ఉంచి, పెద్దక్కని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చాడు.

ఆ వారంలోనే హాస్టలు వార్డెనమ్మ ఇద్దర్నీ పిలిపించింది. ఏదో కాగితం వచ్చిందన్నారు. పెద్దక్క కూడబలుక్కుని తప్ప చదవలేదు కాబట్టి నేనూ వెళ్లాను.

"ఇది ఒంటరి ఆడవాళ్ల హాస్టలు. జంటలకి గది ఇవ్వకూడదు" అంది వార్డెనమ్మ.

"అయితే ఫ్యామిలీ క్వార్టర్సు ఇప్పించండమ్మా" అంది పెద్దక్క.

"దానికి పెళ్లి సర్టిఫికెట్టు కావాలి. ఉందా?"

"మాకు ఎవరిస్తారమ్మా?"

"నన్నడిగితే నేనేం చెప్పను తల్లీ?"

మేడం దగ్గరికి పరిగెత్తాం. మేడం రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగి, మొహం వెలిగిపోతుండగా వచ్చింది. ప్రత్యేక అనుమతి సంపాదించానంది. ఇద్దర్నీ హాస్టలు నుంచి పంపించరు. చిన్నక్క ముందు బిల్డింగు హాలులో, పెద్దక్క వెనక బిల్డింగు హాలులో ఉండొచ్చు. అంతకంటే సాధ్యం కాలేదంది. పెద్దక్క ఆవిడకి దణ్ణం పెట్టింది.

మెట్ల కింద గది రెండు రోజుల్లో ఖాళీ చేశారు. కొక్కెం మీది బట్టలు ఎవరివి ఎవరివో విడదీయడానికి చాలాసేపు పట్టింది. కొన్ని ఇద్దరివీ.

బయట గది కోసం రెండు ఆదివారాలు తిరిగారు. లాండ్రీ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇక్కడే పనిచేస్తారు. ఒకామె గది చూపించి, తాళంచెవి చేతికిచ్చింది కూడా. ఈలోగా ప్యాకింగులో పనిచేసే కోడలు లోపల్నుంచి వచ్చి అత్తగారి చెవిలో ఏదో చెప్పింది. తాళంచెవి వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు పెద్దక్క నా చేత ఇంకో కాగితం రాయించింది. మేం అక్కాచెల్లెళ్లమే, పొరపాటున తప్పు రాశాం, మా గది మాకు ఇప్పించండి అని. నా రాత ఆ రోజు వంకరటింకరగా వచ్చింది. మేడం చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీరు భయపడుతున్నారు. ఎవరో ఏదో అన్నారు కదూ? సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఈ కాగితం నేను పైకి పంపను. పంపితే అబద్ధం రాశారని ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అంది.

"సిగ్గు కాదమ్మా. గది" అంది పెద్దక్క.

మేడం ఆవిడ చెయ్యి పట్టుకుని నిమిరింది. గది సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత వాళ్లు కలుసుకునేది గేటు దగ్గరే. ఒక షిఫ్టు బయటికొచ్చి ఇంకో షిఫ్టు లోపలికెళ్లే ఆ పది నిమిషాలు. మొదట్లో గబగబా మాట్లాడుకునేవాళ్లు. తిన్నావా, దగ్గు తగ్గిందా అని. తర్వాత అవీ తగ్గిపోయాయి. ఒక రోజు చిన్నక్క అనడం విన్నాను.

"నీకు ఒక మాట కావాల్సొచ్చింది. నాకు నువ్వుంటే చాలనిపించింది. ఇప్పుడు నీకు మాటుంది, నాకు ఏదీ లేదు."

పెద్దక్క కొంగు బిగించి షిఫ్టుకి లోపలికి వెళ్లింది. ఆ మాట రాసింది నేను.

చలికాలం అయ్యేలోపు చిన్నక్క వేరే ఊళ్లో ఒక ఆసుపత్రి లాండ్రీలో పని చూసుకుంది. అక్కడ ఒంటరిదాన్నని రాసిచ్చిందట. ఇద్దరికీ అడగలేదా అని నేనంటే, ఒక్కరికే ఖాళీ ఉందన్నారని చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. పెద్దక్క అడగలేదు.

వెళ్లే రోజు సరిగ్గా షిఫ్టులు మారే వేళకి బస్సు. గేటు దగ్గర యాభై మంది ఉన్నారు. వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లుగా ఉన్నన్నాళ్లూ ఇదే ఆవరణలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచేవాళ్లు. ఒకరి జడ ఒకరు అల్లుకునేవాళ్లు. ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. ఆ రోజు అందరూ చూస్తున్నారు. తప్పుబడుతూ కాదు, ఊరికే ఏం చేస్తారోనని. వాళ్లిద్దరూ జానెడు దూరంలో చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డారు.

"చేరగానే ఫోను చెయ్యి" అంది పెద్దక్క.

"చేస్తాను."

"కిటికీ పక్కన కూర్చోకు. దగ్గొస్తుంది."

"సరే."

బస్సు కదిలాక పెద్దక్క గేటు దగ్గరే ఉండిపోయింది. సూపర్వైజరు వచ్చి, గొంతు తగ్గించి, "ఊరుకో అమ్మా. ఇప్పుడిక ఆ రూలు నీకు వర్తించదు. నీకు ఏ షిఫ్టు కావాలంటే ఆ షిఫ్టు ఇస్తాను. మళ్లీ పొద్దుటికి మార్చమంటావా?" అన్నాడు. మంచికే అడిగాడు.

"ఏదైనా ఒకటే సార్" అంది పెద్దక్క. చెప్పులు విడిచి, నెత్తికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లింది.