నూరకూడని మాత్ర

తిరుపతిలో ఫార్మసీ పరిశోధన చేసిన ఐదేళ్లూ నాకు ఒకే పని. కడుపులోకి వెళ్లిన మాత్ర తన మందును ఒక్కసారిగా వదిలేయకుండా రోజంతా కొంచెం కొంచెంగా వదిలేలా చేయడం. రోజుకు రెండు మూడు మాత్రలు మింగే మనిషికి ఒక్కటే సరిపోవాలని ఇప్పుడు ఎన్నో కంపెనీలు ఈ దారే పట్టాయి. మాత్రకు ఒక పొర వేస్తాం. ఆ పొర చెడితే రోజంతటి మందూ ఒకేసారి రక్తంలో కలుస్తుంది. ఈ మాట ఎన్ని సెమినార్లలో చెప్పానో లెక్కలేదు.

మా అక్కది బంగారుపాళ్యం. అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కాయలు కోసింది. సొన తగిలి ఆమె వేళ్ల సందులు ఎప్పుడూ పొక్కి ఉండేవి. నా చదువు ఆ చేతుల మీదే నడిచింది. యాభై దాటాక ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి గానీ గొంతు బాగుపడలేదు. నీళ్లు తాగినా పొలమారేది. అందుకని బావ ఆమె బీపీ మాత్రలను మెత్తగా నూరి తినిపించేవాడు. అవి మామూలు మాత్రలు, నూరినా ప్రమాదం లేదు.

ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. మరునాడు మా గైడుకు చూపించాల్సిన గ్రాఫు కుదరక, వసారాలో లాప్‌టాప్ ముందు కూర్చుని చిరాకు పడుతున్నాను. బావ కొత్త స్ట్రిప్ పట్టుకుని వచ్చాడు.

"డాక్టరు మాత్ర మార్చినాడు మ్మా. రెండు పూటలకీ ఇదొకటే సాలంట. దీన్నీ నూరొచ్చునా?"

నేను తల ఎత్తలేదు. "నూరు బావా. తేనెలో కలిపియ్యి, చేదు తెలీదు."

ఆయన స్ట్రిప్‌తో లోపలికి వెళ్లాడు. కాసేపటికి అక్కకు చెప్పి నేను బస్సెక్కాను.

బస్సు చిత్తూరు చేరేసరికి ఫోను. "మీ అక్క బాత్రూం కాడ పడిపోయింది మ్మా. తలకి దెబ్బ తగిలింది. కండ్లు తెరవలా. ఆంబులెన్సులో చిత్తూరికే తీసుకొస్తా ఉండాం."

వాళ్ల కంటే ముందే ఆసుపత్రికి చేరి గేటు దగ్గర నిలబడ్డాను. అక్కను లోపలికి తీసుకెళ్లాక డాక్టరు బయటికి వచ్చి, బీపీ బాగా పడిపోయిందని, ఏం మందులు వాడుతున్నారని అడిగాడు. బావ స్ట్రిప్ అందించాడు. మాత్ర పేరు పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు, మందును మెల్లగా వదిలే మాత్ర అని చెప్పే గుర్తు. నా ఐదేళ్ల పని ఆ రెండు అక్షరాలే.

"దీన్ని పొడి చేసి ఇచ్చారా? ఎవరు చెప్పారు మీకు?"

అక్క కొడుకు, కోడలు పక్కనే ఉన్నారు. బావ నా వైపు చూశాడు. నేను స్ట్రిప్ వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఎవురూ సెప్పలేదు సార్. నేనే నూరినాను."

"తెలియకపోతే అడగాలి కదండీ" అన్నాడు డాక్టరు.

అక్క కళ్లు తెరవలేదు. తొమ్మిదో రోజున పోయింది. కర్మంతరం నాడు బంధువులందరి ముందూ కొడుకు తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "ఇంట్లోనే మందులు సదివిన మనిషి ఉంటే ఒక్క మాట అడగలేకపోతివే! మా అమ్మను నువ్వే సంపినావు." బావ తల వంచుకున్నాడు. నేను ఆ పక్కనే వచ్చినవాళ్లకు కాఫీ అందిస్తున్నాను. ఆ రోజు నుంచి కొడుకు తండ్రితో మాట్లాడలేదు.

కొన్ని నెలలకు నాకు డాక్టరేటు వచ్చింది. మాత్ర పొర గురించి బాగా చెప్పానని పరీక్షించిన ప్రొఫెసర్లు మెచ్చుకున్నారు. ఆ వారమే బంగారుపాళ్యం వెళ్లాను. బావ ఒంటరిగా వండుకుంటున్నాడు. పొయ్యి ముందు ఆయన పక్కన కూర్చుని, తప్పు నాదేనని, ఆ రోజు మాత్ర చూడకుండానే చెప్పానని అన్నాను.

"తెలుసు గదమ్మా. నిన్ను అడిగే గదా నూరింది."

"మరి డాక్టరుతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావేమోనని సూసినా." గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉన్నాడు. "సెప్పలా."

"రేపే వాడికి చెప్తాను బావా."

"ఎందుకులే. వాడికి అమ్మ పోయింది, నాయనా పోయినట్టే. ఇంక పిన్నమ్మ గూడా ఎందుకు పోవాల?"

ఆ మాట ప్రేమతో అనలేదు. నా ముఖం కూడా చూడలేదు. తిన్నావా అని అడగలేదు. నేను లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక నాకు కలిగింది దుఃఖం కాదు, తేలిక. చెప్పక్కర్లేదన్న తేలిక. నన్ను నేను క్షమించుకోలేనిది దానికే.

ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అక్క కొడుకు తన బిడ్డకు జ్వరమొస్తే నాకే ఫోను చేస్తాడు. "పిన్నమ్మా, ఏ మందు ఎంత పోయాల?" అని అడుగుతాడు. సీసా మీద ఏముందో చదివించుకుని చెబుతాను. మీ నాయన ఎలా ఉన్నాడని మాత్రం అడగను.